యోగాకి మ్యాట్ కొనాల్సిందేనా? ఇంట్లో ఉన్న టవల్ సరిపోదా? జారిపడక ముందే ఈ విషయాలు తెలుసుకోండి!

యోగా మొదలుపెడదామని గట్టిగా అనుకున్నారు. అలారం కూడా పెట్టుకున్నారు. తీరా పొద్దున లేచాక చూస్తే మ్యాట్ లేదు. తలుపు మీద ఆరేసిన టవల్ కనిపించింది. దాన్నే కింద పరిచి సూర్య నమస్కారాలు స్టార్ట్ చేసేయొచ్చా? చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ దీనికి తప్పు సమాధానం చెప్పుకుంటే మణికట్టు విరిగే ప్రమాదం ఉంది. అలాగని టవల్ అస్సలు పనికిరాదా అంటే, అదీ కాదు. కొన్ని ఆసనాలకు టవల్‌ను మించింది లేదు. ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్నదే అసలు పాయింట్. పెద్దపల్లి జిల్లా బొగ్గు బెల్ట్‌లో ఉండేవాళ్లు ఈ విషయం ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి. ఎందుకో చూద్దాం.

గోదావరిఖనిలో ఈ ప్రశ్నకు ఎందుకంత ప్రాధాన్యం?

రామగుండం, గోదావరిఖని, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ.. ఎక్కడ చూసినా సింగరేణి కుటుంబాలే. బాయి దిగే కార్మికుడికి వంగి పనిచేయడం, బరువులు ఎత్తడం రోజూ ఉండేదే. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్, డోజర్ నడిపే ఆపరేటర్ గంటల తరబడి కుదుపుల్లోనే కూర్చుంటాడు. నడుం పట్టేయడం, మెడ నొప్పి, తొడ వెనక కండరాలు బిగుసుకుపోవడం ఇలాంటి పనుల్లో మామూలే. అందుకే ‘యోగా చెయ్యి బిడ్డా, నడుం సాఫ్ అయితది’ అని ఇంట్లో పెద్దవాళ్లు, తోటి కార్మికులు చెబుతుంటారు. ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం వస్తే ఆ ఊపు ఇంకాస్త పెరుగుతుంది.

అక్కడే ఈ డౌట్ వస్తుంది. ‘అన్నా, మ్యాట్ లేదే.. తువ్వాల ఏస్కుంటే నడ్వదా?’ అని. షిఫ్ట్‌కు పోయేటప్పుడు భుజం మీద తువ్వాల ఉండాల్సిందే కాబట్టి, అది ఎప్పుడూ చేతికి అందుతుంది. దానికి కొత్తగా ఖర్చు కూడా ఉండదు.

కానీ ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. సింగరేణి కార్మికుడికి మస్టర్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న మైన్స్ యాక్ట్ 1952 ప్రకారం వేతనంతో కూడిన సెలవులకు అర్హత రావాలంటే భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదిలో కనీసం 190 హాజర్లు, మిగతావాళ్లకు 240 హాజర్లు ఉండాలనే రూల్ ఉండేది. ఇంట్లో జారిపడి చేయి విరిగితే వారాల తరబడి డ్యూటీ పోతుంది. నడుం నొప్పి తగ్గించుకుందామని మొదలుపెట్టిన పని ఉన్న మస్టర్లకే ఎసరు పెట్టకూడదు కదా!

అసలు టవల్ ఎందుకు జారుతుంది?

మ్యాట్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, కింద నేలను పట్టుకుంటుంది. రెండు, పైన మీ అరచేయిని, అరికాలిని పట్టుకుంటుంది. ఈ రెండూ పనిచేస్తేనే మీరు స్థిరంగా ఉంటారు. ఏ ఒక్కటి పోయినా జారడం ఖాయం.

టవల్ విషయంలో ముందు పోయేది కింది పట్టు. నూలు పోగులకు నున్నటి టైల్‌ను పట్టుకునే గుణం లేదు. రబ్బర్, పీవీసీ లాంటి మెత్తటి పదార్థాలు బరువు పడగానే కొద్దిగా అణిగి నేలకు అతుక్కుంటాయి. నూలు బట్ట అలా అతుక్కోదు. మీరు చేతులు ముందుకు నెట్టగానే టవల్ మొత్తం మీతో పాటే జరిగిపోతుంది. ఇంట్లో నేల తుడిచే గుడ్డ టైల్స్ మీద ఎంత ఈజీగా జారుతుందో గుర్తు చేసుకోండి. మీ టవల్ కూడా అంతే.

రెండో సమస్య ముడతలు. కాలు వెనక్కి వేసినప్పుడు, చేతులు మార్చినప్పుడు టవల్ మధ్యలో కుప్పగా చేరుతుంది. ఆ మడతలో కాలి వేలు చిక్కుకుంటే బ్యాలెన్స్ పోతుంది.

నేలను బట్టి కూడా ప్రమాదం మారుతుంది. మెరిసే వెట్రిఫైడ్ టైల్స్, పాలిష్ చేసిన గ్రానైట్ మీద జారడం ఎక్కువ. పాత క్వార్టర్లలో ఉండే గరుకు సిమెంట్ గచ్చు, పాలిష్ లేని బండల మీద కాస్త తక్కువ. డాబా మీద గరుకు సిమెంట్ అయితే ఇంకా తక్కువ. అంటే ఒకే టవల్ పాత క్వార్టర్‌లో బాగానే పనిచేసి, కొత్తగా కట్టుకున్న ఇంట్లో మాత్రం కిందపడేయొచ్చు.

బొగ్గు బెల్ట్‌లో ఎక్స్‌ట్రా సమస్య.. దుమ్ము!

ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీలు, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న ప్రాంతం ఇది. పొద్దున ఊడ్చిన ఇల్లు సాయంత్రానికి మళ్లీ నల్లటి పొడితో కనిపించడం ఇక్కడివాళ్లకు కొత్తేం కాదు. ఈ పొడి ఊపిరితిత్తులకే కాదు, కాలి పట్టుకు కూడా శత్రువే.

నున్నటి నేల మీద సన్నటి పొడి పరుచుకుంటే పాదానికీ నేలకీ మధ్య డైరెక్ట్ కాంటాక్ట్ తగ్గిపోతుంది. థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే ఫ్లై యాష్ రేణువులు ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి. కాంక్రీట్‌లో ఫ్లై యాష్ కలిపితే మిశ్రమం సులువుగా కదలడానికి కారణం ఈ గుండ్రటి ఆకారమే. అలాంటి పొడి టైల్ మీద ఉండి, దాని మీద టవల్ వేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే ఈ ప్రాంతంలో మొదటి రూల్ ఏంటంటే, మ్యాట్ వేసినా, టవల్ వేసినా ముందు నేలను తడి గుడ్డతో తుడవాలి. పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాతే పరచాలి. ఉత్తి చీపురుతో ఊడిస్తే పొడి గాల్లోకి లేచి మళ్లీ అక్కడే పడుతుంది. పైగా ప్రాణాయామం చేసేటప్పుడు ఆ పొడినే పీల్చాల్సి వస్తుంది.

అధికారిక ప్రోటోకాల్‌లో ఏముంది?

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబర్ 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించింది. 2015లో మొదటిసారి జరిగింది. ఆ సందర్భంగా అందరూ ఒకేలా చేయడానికి కేంద్ర ఆయుష్ శాఖ ‘కామన్ యోగా ప్రోటోకాల్’ తెచ్చింది. స్టేడియాల్లో, స్కూళ్లలో జూన్ 21న చేయించేది ఇదే.

సాధన కోసం కింద ఏం వేసుకోవాలో కూడా ఆ ప్రోటోకాల్‌లో ఉంది. పరుపు, యోగా మ్యాట్, జంపఖానా, మడత పెట్టిన దుప్పటి.. వీటిలో ఏదైనా వాడొచ్చని చెబుతుంది. గమనించారా? మ్యాట్ తప్పనిసరి అని ఎక్కడా లేదు. మన ఇళ్లలో ఉండే జంపఖానా, దుప్పటి కూడా లిస్టులో ఉన్నాయి. టవల్ పేరు మాత్రం లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ ప్రోటోకాల్‌లోని ఆసనాల్లో తాడాసనం, వృక్షాసనం, పాదహస్తాసనం, అర్ధచక్రాసనం, త్రికోణాసనం నిలబడి చేసేవి. భద్రాసనం, వజ్రాసనం, శశకాసనం, వక్రాసనం లాంటివి కూర్చుని చేసేవి. మకరాసనం, భుజంగాసనం, శలభాసనం బోర్లా పడుకుని, సేతుబంధాసనం, పవనముక్తాసనం, శవాసనం వెల్లకిలా పడుకుని చేసేవి. వీటిలో చేతుల మీద బరువు వేసి ముందుకు నెట్టేవి పెద్దగా లేవు. అందుకే వీటిలో చాలావాటికి దుప్పటి సరిపోతుంది.

సూర్య నమస్కారాల సంగతి అలా కాదు. అందులో అరచేతులు, పాదాలు నేలకు ఆనించి నడుం పైకి లేపే పర్వతాసనం ఉంటుంది. దీన్నే చాలామంది అధోముఖ శ్వానాసనం అంటారు. అక్కడ చేతులు ముందుకు, కాళ్లు వెనక్కి జారాలని చూస్తాయి. టవల్ మోసం చేసేది సరిగ్గా ఆ క్షణంలోనే.

ఏ ఆసనానికి టవల్ ఓకే? దేనికి వద్దు?

టవల్ హాయిగా వాడొచ్చు: శవాసనం, మకరాసనం, పవనముక్తాసనం, పద్మాసనం, సుఖాసనం, వజ్రాసనం, ప్రాణాయామం, ధ్యానం. ఇక్కడ శరీరం నేల మీద ఎక్కువ భాగం ఆనుకుని ఉంటుంది. జారే భయం దాదాపు లేదు. నేల గట్టిదనం తగలకుండా ఉంటే చాలు. టవల్ పలుచగా ఉంటే రెండు మడతలు వేసుకోవచ్చు.

జాగ్రత్తగా వాడాలి: భుజంగాసనం, సేతుబంధాసనం, మార్జాలాసనం. భుజంగాసనంలో పొట్ట కింద టవల్ ఉండొచ్చు కానీ అరచేతులు మాత్రం నేల మీదే ఆనించాలి. సేతుబంధాసనంలో వీపు టవల్ మీద, పాదాలు నేల మీద ఉండాలి. మార్జాలాసనంలో మోకాళ్ల కింద మాత్రమే మడత పెట్టి వేసుకోవాలి.

టైల్స్ మీద టవల్ అస్సలు వద్దు: సూర్య నమస్కారాలు, ప్లాంక్, త్రికోణాసనం, వీరభద్రాసనం, వృక్షాసనం, ఇంకా చేతుల మీద బరువు మోసే ఆసనాలన్నీ. త్రికోణాసనంలో కాళ్లు ఎడంగా పెట్టినప్పుడు కింద బట్ట జారితే గజ్జల్లో, తొడ వెనక కండరం పట్టేస్తుంది. అది తగ్గడానికి వారాలు పట్టొచ్చు.

మరి మ్యాట్ లేనివాళ్లు నిలబడి చేసే ఆసనాలు ఎలా చేయాలి? సింపుల్. ఏమీ వేసుకోకుండా వట్టి కాళ్లతో శుభ్రమైన, పొడి నేల మీద చేయండి. టవల్ మీద నిలబడటం కంటే వట్టి నేలే సేఫ్. చర్మానికి ఉండే పట్టు నూలు బట్టకు ఉండదు. సాక్సులు కూడా వేసుకోవద్దు.

మ్యాట్ ఉన్నా టవల్ అవసరమా? ఎండాకాలంలో అవసరమే!

ఇక్కడ కథ రివర్స్ అవుతుంది. మ్యాట్ లేనివాళ్లకు ప్రమాదం తెచ్చే టవల్, మ్యాట్ ఉన్నవాళ్లకు రక్షణ ఇస్తుంది.

విదేశాల్లో ‘హాట్ యోగా’ అని ఒకటి ఉంది. గదిని హీటర్లతో సుమారు 40.6 డిగ్రీల వరకు వేడి చేసి అందులో ఆసనాలు వేయిస్తారు. చెమట ధారలుగా కారుతుంది కాబట్టి అక్కడ మ్యాట్ మీద టవల్ పరచుకోవడం తప్పనిసరి. రామగుండంలో అయితే హీటర్ అక్కర్లేదు. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరడం ఇక్కడ మామూలే. డబ్బు కట్టి గదిలో తెచ్చుకునే వేడి ఇక్కడ ఫ్రీగా దొరుకుతుంది!

అంత వేడిలో అరచేతుల చెమట మ్యాట్ మీద సన్నటి నీటి పొరలా చేరుతుంది. పీవీసీ, ఫోమ్ మ్యాట్లు ఆ చెమటను పీల్చుకోవు. దాంతో మంచి మ్యాట్ కూడా సబ్బు పెట్టినట్టు జారుతుంది. అప్పుడు మ్యాట్ మీద టవల్ వేస్తే, కింద మ్యాట్ నేలను పట్టుకుంటుంది, పైన టవల్ చెమటను పీల్చుకుంటుంది. రెండు పనులు రెండు వస్తువులు పంచుకుంటాయన్నమాట.

అయితే ఎండాకాలంలో అసలు జాగ్రత్త ఇంకొకటి ఉంది. సూర్యుడు ఎక్కకముందే సాధన ముగించాలి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాళ్లు అప్పటికే అలసిపోయి, ఒంట్లో నీళ్లు తగ్గి ఉంటారు. రాగానే కష్టమైన ఆసనాలు వద్దు. ముందు నీళ్లు తాగి, నిద్రపోయి, లేచాక చేయడం మేలు. కళ్లు తిరిగితే టవల్, మ్యాట్.. ఏదీ కాపాడదు.

యోగా టవల్ వేరు, స్నానం టవల్ వేరు

ఆన్‌లైన్‌లో ‘యోగా టవల్’ పేరుతో అమ్మేవి చాలావరకు మైక్రోఫైబర్‌తో చేసినవి. అంటే పాలిస్టర్, పాలీఅమైడ్ కలిపి నేసిన అతి సన్నటి పోగులు. ఇవి చెమటను త్వరగా పీల్చుకుంటాయి, త్వరగా ఆరిపోతాయి. మ్యాట్ సైజుకు సరిపోయేలా ఉంటాయి. మామూలు యోగా మ్యాట్ సుమారు 173 సెంటీమీటర్ల పొడవు, 61 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మన బాత్ టవల్ సాధారణంగా పొడవులో పొట్టి, వెడల్పులో పెద్ద. అందుకే మ్యాట్ మీద వేస్తే పక్కలకు వేలాడుతుంది, పొడవు సరిపోదు.

యోగా టవల్ కొన్నవాళ్లలో చాలామంది చేసే కంప్లైంట్ ఒకటే. ‘ఇది కూడా జారుతోంది’ అని. దానికి కారణం ఉంది. మైక్రోఫైబర్ పొడిగా ఉంటే జారుతుంది, కొద్దిగా తడిగా ఉంటే పట్టేస్తుంది. చర్మం కొంచెం తేమగా ఉంటే మెత్తబడి బట్టకు ఎక్కువగా ఆనుతుంది. అదే తేమ మరీ ఎక్కువైతే నీటి పొర ఏర్పడి మళ్లీ జారుతుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు చేతులు, పాదాలు పెట్టే చోట కొద్దిగా నీళ్లు చిలకరిస్తే చాలు. పది నిమిషాల తర్వాత చెమటే ఆ పని చేస్తుంది.

కొన్నింటికి అడుగున సిలికాన్ చుక్కలు ఉంటాయి. అవి మ్యాట్ మీద టవల్ కదలకుండా ఉంచడానికి పెట్టినవి. ‘సిలికాన్ ఉంది కదా’ అని నేరుగా టైల్ మీద వేసి చేతుల మీద బరువు వేయడం రిస్కే.

అసలు ఈ మ్యాట్ ఎప్పుడొచ్చింది?

ఇప్పుడు యోగా అనగానే రంగురంగుల మ్యాటే గుర్తొస్తుంది. కానీ ఇది మరీ పాతదేం కాదు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి కూర్చునే ఆసనం గురించి చెప్పేచోట దర్భలు, జింక చర్మం, వస్త్రం ప్రస్తావన ఉంటుంది. అది కదలకుండా కూర్చోవడానికి చెప్పినది. కూర్చోవడానికి బట్ట అప్పుడూ సరిపోయింది, ఇప్పుడూ సరిపోతుంది.

ఆధునిక యోగాకు పెద్ద కేంద్రమైన మైసూరులో అష్టాంగ యోగా సాధకులు నూలు రగ్గులు వాడేవారు. వాటికి ‘మైసూర్ రగ్గు’ అనే పేరే వచ్చింది. జారకుండా పట్టుకునే మ్యాట్ వెనక ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్ కథ ఉంది. 1982లో జర్మనీలో పాఠాలు చెబుతున్నప్పుడు ఆమె కార్పెట్ కింద జారకుండా వేసే ఫోమ్ షీట్‌ను చూశారు. దాన్ని సరిగ్గా టవల్ సైజులో కత్తిరించి క్లాసులో వాడారు. తర్వాత ఆమె తండ్రి ఆ తయారీదారులతో మాట్లాడి అలాంటి షీట్లను అమ్మడం మొదలుపెట్టారు. అంటే నేటి మ్యాట్ పుట్టిందే టవల్ సైజులో, జారే సమస్య తీర్చడానికి!

మన దగ్గరున్న ఆప్షన్లు.. జంపఖానా, గొంగడి, బొంత

మ్యాట్ కొనడం కష్టమైతే టవల్ ఒక్కటే దిక్కు అనుకోవద్దు. మన ఇళ్లలోనే ఇంతకంటే మంచివి ఉన్నాయి.

జంపఖానా: మందంగా, బిగువుగా నేసి ఉంటుంది. బరువు ఉంటుంది కాబట్టి టవల్‌లా ముడతలు పడదు. పక్క ఉమ్మడి జిల్లా వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు అంటే జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. గరుకు సిమెంట్ నేల మీద ఇది చాలావరకు పనికొస్తుంది. నున్నటి టైల్ మీద మాత్రం ఇది కూడా జారుతుంది. కింద రబ్బర్ జాలీ మ్యాట్ వేస్తే సమస్య తీరుతుంది.

గొంగడి: ఉన్నితో చేసినది కాబట్టి గరుకుగా ఉంటుంది. చలికాలంలో కూర్చుని చేసే ప్రాణాయామానికి, ధ్యానానికి బాగుంటుంది. ఎండాకాలంలో మాత్రం భరించలేం.

బొంత: పాత చీరలతో కుట్టిన బొంత మెత్తగా ఉంటుంది. పడుకుని చేసే ఆసనాలకు, మోకాళ్ల కింద వేసుకోవడానికి సూపర్. నిలబడి చేసేవాటికి మాత్రం వద్దు. కాలు మెత్తగా దిగిపోయి బ్యాలెన్స్ దొరకదు.

చాప: ఈత చాప, ప్లాస్టిక్ చాప రెండూ నున్నగా ఉంటాయి. చెమట తగిలితే ప్లాస్టిక్ చాప టవల్ కంటే ఎక్కువ జారుతుంది. కూర్చోవడానికి మాత్రమే వాడాలి.

టవల్‌కు అసలైన పని ఇదీ!

టవల్‌ను కింద పరచడం కంటే చేతిలో పట్టుకుంటే ఎక్కువ లాభం. యోగా గురువు బీకేఎస్ అయ్యంగార్ తాళ్లు, దిమ్మెలు, దుప్పట్ల సాయంతో ఆసనాలు వేయించే పద్ధతిని ప్రపంచమంతా పాపులర్ చేశారు. శరీరం వంగకపోతే దాన్ని బలవంతంగా వంచడం కాదు, ఒక వస్తువు సాయం తీసుకోవాలన్నది ఆ పద్ధతి. మన తువ్వాల ఆ పనికి సరిగ్గా సరిపోతుంది.

తొడ వెనక కండరాలు బిగుసుకుపోయిన డ్రైవర్లు, ఆపరేటర్లకు ఇది బాగా పనికొస్తుంది. వెల్లకిలా పడుకుని, ఒక కాలు పైకెత్తి, అరికాలికి తువ్వాల వేసి రెండు చివరలు చేతులతో పట్టుకోవాలి. మోకాలు కొద్దిగా వంగినా ఫర్వాలేదు. మెల్లగా లాగుతూ శ్వాస తీసుకోవాలి. నడుం నేలకు ఆనే ఉంటుంది కాబట్టి, నిలబడి వంగే పాదహస్తాసనంతో పోలిస్తే నడుం మీద ఒత్తిడి తక్కువ.

వజ్రాసనంలో చీలమండ నొప్పి పెడితే టవల్‌ను చుట్టలా చుట్టి దాని కింద పెట్టుకోవచ్చు. సుఖాసనంలో నడుం వంగిపోతుంటే పిరుదుల కింద రెండు మడతల టవల్ వేస్తే వెన్ను నిటారుగా నిలబడుతుంది. శవాసనంలో మోకాళ్ల కింద చుట్ట పెడితే నడుంకు రిలీఫ్ దొరుకుతుంది. మెడ కింద పలుచటి మడత పెట్టుకోవచ్చు.

ఇంట్లో అందరికీ ఒకే టవల్? అస్సలు వద్దు

స్నానం చేసే టవల్‌నే నేల మీద వేసి, మళ్లీ దాంతోనే ఒళ్లు తుడుచుకోవడం చాలా ఇళ్లలో జరిగే తప్పు. నేల మీది బొగ్గు పొడి, చెమట, క్రిములు అన్నీ ఒంటికి చేరతాయి. తామర లాంటి ఫంగల్ ఇన్ఫెక్షన్లు ఒకరి టవల్ ఇంకొకరు వాడితే అంటుకుంటాయి. చెమటతో తడిసిన బట్టలు, బూట్లతో గంటల తరబడి పనిచేసేవాళ్లలో గజ్జలు, కాలి వేళ్ల మధ్య ఈ సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. అది టవల్ ద్వారా ఇంట్లో పిల్లలకూ పాకొచ్చు.

అందుకే యోగాకు వేరే టవల్ పెట్టుకోవాలి. ఎవరిది వాళ్లకే. వాడిన ప్రతిసారీ ఉతికి, ఎండలో పూర్తిగా ఆరేయాలి. తడి టవల్‌ను మ్యాట్‌లో చుట్టి మూల పెడితే వాసన, బూజు రెండూ వస్తాయి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. అది పోగుల మీద పొరలా చేరి చెమట పీల్చే గుణాన్ని, పట్టును తగ్గిస్తుంది. మ్యాట్ వాడేవాళ్లు కూడా రోజూ తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. 45 డిగ్రీల ఎండలో వదిలేస్తే మ్యాట్ పెళుసుబారిపోతుంది.

పది సెకన్ల టెస్ట్.. రోజూ చేయండి

మీ టవల్ గానీ, జంపఖానా గానీ, మ్యాట్ గానీ సేఫా కాదా తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. దాన్ని పరిచి, మోకాళ్ల మీద కూర్చోండి. రెండు అరచేతులు దాని మీద ఆనించి, కొద్దిగా బరువు వేసి ముందుకు నెట్టండి. తర్వాత పక్కలకు నెట్టండి.

నేల మీద బట్ట కదిలిందా? అయితే దాని మీద నిలబడొద్దు, చేతుల మీద బరువు వేయొద్దు. బట్ట కదల్లేదు కానీ చెయ్యి జారిందా? అయితే పైన తేమ ఎక్కువైంది లేదా మరీ పొడిగా ఉంది. తుడుచుకోవడమో, కొద్దిగా నీళ్లు చిలకరించడమో చేయాలి. రెండూ కదల్లేదా? మొదలుపెట్టొచ్చు. నేల, చెమట, దుమ్ము రోజూ మారతాయి కాబట్టి నిన్న పాసైంది కదా అని ఇవాళ వదిలేయొద్దు.

జారిపడితే ఏం చేయాలి?

జారినప్పుడు ఎవరైనా ముందు చేయి కింద పెడతారు. దాంతో దెబ్బ మణికట్టుకు తగులుతుంది. వాపు వచ్చినా, మణికట్టు వంకరగా కనిపించినా, బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి ఉన్నా అది బెణుకే అని వదిలేయకండి. బొటనవేలి దగ్గరుండే చిన్న ఎముక విరిగితే పైకి పెద్దగా తెలియదు. ఆలస్యమైతే అతుక్కోవడం కష్టమవుతుంది.

వెంటనే గాజులు, ఉంగరాలు, వాచ్ తీసేయాలి. బట్టలో చుట్టిన ఐస్ పెట్టాలి. చేతిని కదలకుండా ఉంచి ఆస్పత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, లాగడం, నాటు కట్టు కట్టించడం వద్దు. పెద్దవాళ్లు పడి నడుం లేదా తుంటి నొప్పితో లేవలేకపోతే బలవంతంగా లేపి నడిపించకుండా 108కి కాల్ చేయాలి.

ఫైనల్‌గా.. ఎవరు ఏం వాడాలి?

కూర్చుని ప్రాణాయామం, ధ్యానం మాత్రమే చేసేవాళ్లకు టవల్ లేదా దుప్పటి చాలు. మ్యాట్ కొనాల్సిన పనే లేదు.

నడుం నొప్పి కోసం పడుకుని చేసే నాలుగైదు ఆసనాలు వేసేవాళ్లకు జంపఖానా లేదా బొంత, దానితో పాటు చేతికి ఒక తువ్వాల సరిపోతాయి.

రోజూ సూర్య నమస్కారాలు చేసేవాళ్లు, టైల్స్ ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం మ్యాట్ కొనుక్కోవడమే మంచిది. ఖరీదైనదే కావాలని లేదు. 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉండి, పది సెకన్ల టెస్ట్ పాసైతే చాలు. రబ్బర్ అంటే అలర్జీ ఉన్నవాళ్లు సహజ రబ్బర్ మ్యాట్ కాకుండా వేరేది చూసుకోవాలి. చెమట ఎక్కువ పట్టేవాళ్లు దాని మీద ఒక టవల్ వేసుకోవాలి.

60 దాటినవాళ్లు, రిటైరైన కార్మికులు నిలబడి చేసే ఆసనాలను గోడ పక్కన, వట్టి కాళ్లతో చేయాలి. ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనంలో ఒక చేయి గోడకు ఆనించి ఉంచాలి.

స్టేడియంలో, పార్కులో చేసేవాళ్లకు గడ్డి, మట్టి నేల మీద జంపఖానా బాగుంటుంది. కింద రాళ్లు, గుంతలు లేకుండా చూసుకుంటే చాలు.

ఒక్క మాటలో చెప్పాలంటే.. కూర్చునేటప్పుడు, పడుకునేటప్పుడు టవల్ కింద ఉండొచ్చు. నిలబడేటప్పుడు, చేతుల మీద బరువు వేసేటప్పుడు టవల్ మ్యాట్ మీద ఉండాలి. మ్యాట్ లేకపోతే, ఆ కాసేపు టవల్ పక్కన పెట్టేయండి. తువ్వాలను మళ్లీ భుజం మీద వేసుకుని షిఫ్ట్‌కు వెళ్లాలంటే ఆ చేయి సేఫ్‌గా ఉండాలి కదా!

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. నడుం నొప్పి, డిస్క్ సమస్య, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను సంప్రదించాకే, శిక్షణ ఉన్న యోగా టీచర్ దగ్గర ఆసనాలు మొదలుపెట్టాలి.)